ఆ జబ్బు పుట్టింటిదీ కాదు, అత్తింటిదీ కాదు

ఆర్మీ వాళ్ల మెడికల్ కాగితాల్లో "కాన్‌స్టిట్యూషనల్" అని ఒక మాట కనిపిస్తుంది. మనకైతే ఆ మాట వినగానే రాజ్యాంగం గుర్తొస్తుంది. అక్కడ అర్థం వేరు. ఆ మనిషి తత్వంలోనే, పుట్టుకలోనే ఉన్న జబ్బు అని. మానసిక అనారోగ్యంతో ఒక జవానును సర్వీసు నుంచి పంపించేసేటప్పుడు ఈ మాట తరచుగా రాస్తుంటారు. దాని వెంటే ఇంకో వాక్యం ఉంటుంది: ఈ జబ్బు సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు.

ఆఫీసు భాషలో అది పెన్షన్ రాదని చెప్పే వాక్యం. ఇంట్లోకి వచ్చేసరికి దాని రంగు మారిపోతుంది. "అంటే మనింట్లోంచే వచ్చిందన్నమాట" అంటారు. మనింట్లోంచి అంటే ఎవరి వైపు నుంచి? తల్లి పుట్టింటి వాళ్లలో ఎవరికైనా మతి చలించిందా అని ఆరా మొదలవుతుంది. అక్కడ ఎవరూ దొరక్కపోతే "పెళ్లయ్యాకే కదా వీడిలా అయ్యాడు" అని కోడలి మీదకు మళ్లుతుంది. చెల్లెలికి సంబంధం తప్పిపోతే అదీ ఆ ఖాతాలోనే వేస్తారు. ఎక్కడో బోర్డులో కూర్చున్న డాక్టర్లు రాసిన ఒక్క మాట, ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ల తల వంచుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ కాగితాన్ని బీరువాలో చీరల కింద దాచకూడదు. అది తప్పనిపిస్తే అప్పీలు చేయాలి. ఆ పని ఇంట్లో ఆడవాళ్లే ముందుండి చేయించాలి. పెన్షన్ డబ్బు కోసం మాత్రమే కాదు, ఆ మాట వల్ల నింద మోస్తున్నది మనమే కాబట్టి.

మన తెలుగు నేలలో సైన్యంలోకి పిల్లల్ని పంపిన ఊళ్లు చాలా ఉన్నాయి. పశ్చిమ గోదావరి జిల్లాలో మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. శ్రీకాకుళం, విజయనగరం, ప్రకాశం జిల్లాల్లో రిక్రూట్‌మెంట్ ర్యాలీ పడిందంటే తెల్లవారుజామున రోడ్ల మీద పిల్లలు గుంపులుగా పరుగెడుతుంటారు. సెలక్టయితే ఊరంతా స్వీట్లు. సెలవు మీద వస్తే క్యాంటీన్ సామాన్ల కోసం బంధువులు. కాలు పోయి వస్తే దండలు. మనసు దెబ్బతిని వస్తే మాత్రం తలుపులు మూసేస్తాం. కాలు పోయినవాడు దేశం కోసం పోగొట్టుకున్నాడని, మనసు చెదిరినవాడు తన ఖర్మకొద్దీ పోగొట్టుకున్నాడని మనకి మనమే తీర్పు ఇచ్చేసుకున్నాం. ఊరు ముందే ఇచ్చేసిన తీర్పుకి ఆ కాగితం ముద్ర వేస్తుంది.

మా చిన్నత్త కూతురి భర్త సంగతి చెప్తాను. పేర్లూ ఊళ్లూ వద్దు. ఇంటర్ అవగానే చేరాడు. పరుగులో జిల్లా స్థాయి పిల్లాడు. ఎనిమిదేళ్లు చేశాడు. మూడో పోస్టింగ్ కొండల మీద, వారాల తరబడి కిందకి దిగడానికి లేని చోట. అక్కడి నుంచి సెలవుకి వచ్చినప్పుడు మొదటిసారి మా మరదలు తేడా చూసింది. రాత్రి నాలుగుసార్లు లేచి గడియ చూసేవాడు. ప్రెషర్ కుక్కర్ విజిల్‌కి ఉలిక్కిపడేవాడు. తిరిగి వెళ్లిన ఆరు నెలలకి ఒక మిలిటరీ ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. ఇంకో కొన్ని నెలలకి, 2017లో, నల్ల ట్రంకు పెట్టెతో ఇంటికొచ్చాడు. బోర్డు అవుట్ చేశారు. వైకల్యం నలభై శాతం అని రాశారు. కానీ సర్వీసుకీ దానికీ సంబంధం లేదన్నారు.

పదిహేనేళ్లు నిండలేదు కాబట్టి మామూలు సర్వీసు పెన్షన్ లేదు. సర్వీసుకి సంబంధం లేదన్నారు కాబట్టి డిజెబిలిటీ పెన్షన్ లేదు. పెన్షనరు కాదు కాబట్టి మాజీ సైనికులకు ఉండే ఈసీహెచ్‌ఎస్ వైద్యం కార్డూ లేదు. అంటే ఏ జబ్బు కారణంగా ఉద్యోగం పోయిందో, ఆ జబ్బుకి మందులు సొంత డబ్బుతో కొనుక్కోవాలి. మా మరదలు బట్టల కొట్లో పనికి చేరింది. కాగితాలు మాత్రం చాలాకాలం ఎవరికీ చూపించలేదు. "వదినా, బయటికి తీస్తే అందరికీ తెలిసిపోతుంది కదా" అనేది. అందరికీ ఎప్పుడో తెలుసు. తెలియనిది ఆ కాగితం మీద అప్పీలు ఉంటుందన్న సంగతే.

ఇప్పుడు నిబంధనల సంగతి. ఇది కొంచెం ఓపిగ్గా చదవండి, మీకు కాకపోయినా మీకు తెలిసినవాళ్లకి పనికొస్తుంది.

సైనికుల వైకల్య పెన్షన్లకి 1982లో అర్హత నిబంధనలు చేశారు. వాటి సారం మన మామూలు బుద్ధికి అందేదే. సైన్యంలో చేర్చుకునేటప్పుడు పరీక్ష చేసి, ఏ లోపమూ రాయకుండా తీసుకుంటే, ఆ మనిషి ఆరోజు ఒంటితోనూ మనసుతోనూ బాగున్నాడనే అనుకోవాలి. తర్వాత జబ్బుతో పంపిస్తే, అది సర్వీసులో వచ్చిందనే మొదట భావించాలి. కాదు, ముందే ఉంది, అప్పుడు కనిపెట్టడానికి వీల్లేకపోయింది అని డాక్టర్లు అంటే, ఎందుకలా అంటున్నారో కారణాలు రాయాలి. రుజువు చేసే భారం మామూలుగా జవాను మీద పెట్టకూడదు. అనుమానం ఉంటే ఆ లాభం అతనికే ఇవ్వాలి.

2013 జూలై 2న సుప్రీంకోర్టు ధరంవీర్ సింగ్ కేసులో ఇదంతా వివరంగా చెప్పింది. ఆయన 1985లో చేరి, మూర్ఛ వ్యాధితో 1994లో బయటికి వచ్చారు. అక్కడా అదే మాట, కాన్‌స్టిట్యూషనల్. కారణాలు రాయకుండా ఆ మాట ఒక్కటీ రాస్తే చెల్లదని, పెన్షన్ ఇవ్వాలని కోర్టు అంది. తేదీలు చూశారుగా, బయటికి వచ్చాక 19 ఏళ్లు.

అదే రోజు వీర్‌పాల్ సింగ్ కేసులోనూ తీర్పు వచ్చింది. అది సూటిగా మన విషయమే. 1972లో చేరిన ఆయన్ని 1977లో స్కిజోఫ్రీనియా తరహా జబ్బు పేరుతో పంపించేశారు. మెడికల్ బోర్డు మాటకి గౌరవం ఇవ్వాల్సిందే గానీ, ప్రశ్నించడానికి వీల్లేనిదిగా చూడకూడదని కోర్టు అంది. రివ్యూ మెడికల్ బోర్డుతో మళ్లీ పరీక్ష చేయించమంది. 2025 మేలో రాజుమోన్ కేసులోనూ స్కిజోఫ్రీనియాయే. బోర్డు కారణాలు చెప్పకుండా ఇచ్చిన అభిప్రాయాన్ని పట్టుకుని పెన్షన్ ఎగ్గొట్టడం కుదరదని మళ్లీ చెప్పింది.

ఒక జాగ్రత్త. 2008లోనూ 2023లోనూ కొత్త నిబంధనలు వచ్చాయి. డిశ్చార్జి తేదీని బట్టి ఏవి వర్తిస్తాయో మారుతుంది. లాయరును అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. 2008 నిబంధనల్లో, బయటికి వచ్చిన పదిహేనేళ్ల తర్వాత అడిగితే రుజువు చేసే భారం మన మీదకే వస్తుంది. ఆలస్యం ఎంత ప్రమాదమో చూడండి.

అప్పీలుకి మెట్లున్నాయి. మొదట పెన్షన్ తిరస్కరించిన ఉత్తరం వస్తుంది. దాని మీద ఆరు నెలల్లో ఫస్ట్ అప్పీల్. అదీ కాదంటే సెకండ్ అప్పీల్. ఈ రెండూ సైన్యం, రక్షణ శాఖ లోపలే జరుగుతాయి, కోర్టు గడప తొక్కక్కర్లేదు. అక్కడా కాదంటే సాయుధ దళాల ట్రిబ్యునల్. 2007 చట్టంతో వచ్చి, 2009 నుంచి పని చేస్తోంది. మన రెండు రాష్ట్రాల వాళ్లకీ చెన్నై బెంచి. అక్కడా ఆరు నెలల గడువే. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కి ఉంది. ఏళ్లు గడిచిపోయాయని వదిలేసుకోకండి. పెన్షన్ ప్రతి నెలా రావాల్సింది కాబట్టి హక్కు చచ్చిపోదని 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆలస్యంగా అడిగితే పాత బకాయిలు మామూలుగా కేసు వేసిన నాటికి ముందు మూడేళ్లకే ఇస్తారు. మిగతావి పోయినట్టే. మనం సిగ్గుతో దాచుకున్న ప్రతి ఏడాదికీ అలా వెల కడుతున్నాం.

ఇక్కడ నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఒకటుంది. అప్పీలు అనగానే మన వాళ్లు చేసే మొదటి పని, "మావాడికి అసలు జబ్బే లేదు, ఆఫీసరు పగబట్టి రాయించాడు" అని రాయడం. పరువు కాపాడుకోవాలన్న ఆత్రం అది. కొన్నిసార్లు అది నిజమే కావచ్చు. రోగ నిర్ధారణ తప్పయితే తప్పని అడగాలి, పునఃపరీక్ష కోరాలి. కానీ జబ్బు ఉన్నమాట నిజమై, మనం కళ్లారా చూసి, మందులు వాడుతూ ఉండి కూడా లేదని రాస్తే, కేసు మనమే చంపుకున్నట్టు. ఎందుకంటే రెండు రకాల ప్రార్థనలకి రెండు రకాల సాక్ష్యాలు కావాలి. జబ్బు లేదని అంటూనే ఆ జబ్బుకి పెన్షన్ ఇవ్వమని అడగలేం కదా.

చాలా ఇళ్లలో అడగాల్సింది రెండోదే. జబ్బు ఉంది. ఆ పేరుతో మాకు గొడవ లేదు. అది ఎక్కడి నుంచి వచ్చిందని మీరు రాశారో, దాని మీదే మా అప్పీలు. ఇలా అనడానికి మొదట మనం ఇంట్లో ఆ జబ్బు పేరు పైకి పలకగలగాలి. డిప్రెషన్ అని, స్కిజోఫ్రీనియా అని, షుగరూ బీపీ అన్నంత మామూలుగా. కోర్టు కంటే ముందు గెలవాల్సింది ఇదే.

మరి సర్వీసు వల్ల వచ్చిందని ఎలా చూపిస్తాం? 2008 నాటి వైద్యాధికారుల మార్గదర్శిలో మానసిక జబ్బుల గురించి ప్రత్యేకంగా ఉంది. యుద్ధ ప్రాంతాలు, తీవ్రవాదుల ఏరివేత విధులు, బాగా ఎత్తైన కొండ ప్రాంతాలు, మనుషులకి దూరంగా ఉండే ఒంటరి పోస్టులు, ప్రాణనష్టం జరిగిన ప్రమాదాలు, ఇలాంటి చోట్ల పని చేస్తుండగా జబ్బు బయటపడితే సర్వీసు వల్ల వచ్చినట్టు పరిగణించాలి. కాబట్టి చేయాల్సిన పని ఒక తెల్ల కాగితం తీసుకుని రెండు వరసలు గీయడం. ఒక వైపు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఎక్కడ పోస్టింగ్. రెండో వైపు ఎప్పుడు ఏం తేడా కనిపించింది. ఈ రెండో వరస నింపగలిగేది ఎవరు? భార్యో తల్లో.

ఆ సెలవుకి వచ్చినప్పుడు అన్నం సగంలో వదిలేశాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు పిల్లాణ్ని ఎత్తుకోలేదు. ఫలానా నెల నుంచి ఫోను రెండు నిమిషాల్లో పెట్టేసేవాడు. ఇవి మనం వంటింట్లో తలుచుకుని కళ్లు తుడుచుకునే సంగతులు అనుకుంటాం. అవి సాక్ష్యాలు. పాత ఫోనులో ఉన్న మెసేజీలు పారేయకండి. రైలు టికెట్లు, సెలవు సర్టిఫికెట్లు, మనియార్డరు రసీదులు, ఏ కాగితమైనా తేదీ చెప్తుంది. చిన్నప్పటి స్కూలు సర్టిఫికెట్లు, ఎన్‌సీసీ సర్టిఫికెట్లు కూడా తీయండి. చేరకముందు కుర్రాడు ఎలా ఉండేవాడో అవి చెప్తాయి.

మెడికల్ బోర్డు రిపోర్టు పూర్తి నకలు సమాచార హక్కు దరఖాస్తుతో రికార్డ్ ఆఫీసు నుంచి అడగాలి, దరఖాస్తు ఆ జవాను పేరునే. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం కూడా రోగికి తన వైద్య రికార్డులు చూసుకునే హక్కుంది. దరఖాస్తు రాయడానికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సాయం అడగొచ్చు. లాయరు ఫీజు భయముంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. 1987 చట్టం కింద మహిళలకీ, వైకల్యం ఉన్నవారికీ ఉచిత న్యాయ సహాయం అందుతుంది.

మా మరదలికి ఆ నకలు వచ్చిన రోజు నాకు ఫోను చేసింది. ఇంగ్లీషు చేతిరాత, నేనూ మా అమ్మాయీ కూర్చుని చదివాం. అందులో ఒకచోట, భార్యతో సఖ్యత లేదు, ఇంటి సమస్యలున్నాయి అని రాసి ఉంది. ఆమెని ఎవరూ పిలవలేదు, ఎవరూ అడగలేదు. అతను ఆస్పత్రి మంచం మీద మందుల మత్తులో ఏమన్నాడో, ఎవరేం అడిగారో తెలియదు. ఆరు నెలలకోసారి ఇరవై రోజులు చూసే మొగుడితో సఖ్యత లేదట! పెళ్లయిన నాలుగేళ్లలో వాళ్లు కలిసి ఉన్న రోజులు లెక్కేస్తే ఏడాది కూడా నిండదు. మిగతా మూడేళ్లూ అతను ఉన్న చోటు గురించి ఆ పేజీలో ఒక్క వాక్యం లేదు.

నాకు కోపం వచ్చింది ఇక్కడే. ఇంటి సమస్యలు లేని ఇల్లెక్కడుంది? పొలం తగాదా, అత్తాకోడళ్ల మాటలు, పిల్లాడి జ్వరం, ఇవి గుమాస్తా ఇంట్లో లేవా, బస్సు డ్రైవరు ఇంట్లో లేవా? తేడా ఏమిటంటే వాళ్లు సాయంత్రం ఇంటికొచ్చి ఆ సమస్యలో పాలు పంచుకుంటారు. జవాను వేల కిలోమీటర్ల దూరంలో, సిగ్నల్ దొరికినప్పుడు వినాలి, విని మంచులో నిలబడాలి. ఆ దూరం ఉద్యోగం పెట్టింది. ఇంట్లో గొడవ ఉందని రాసినప్పుడు, దాన్ని తీర్చుకోవడానికి ఇంటికి వెళ్లే వీలు అతనికి ఎంత ఉందో కూడా రాయాలి కదా.

మా మరదలు సెకండ్ అప్పీల్‌కి తన మాట విడిగా రాసి జతచేసింది, తెలుగులో రాసి, ఇంగ్లీషు చేయించి. ఏ తేదీన ఎన్ని రోజులు కలిసి ఉన్నామో లెక్కతో సహా. అయినా ఆ అప్పీలు తిరస్కరించారు. ఇప్పుడు కేసు ట్రిబ్యునల్‌లో ఉంది. ఏమవుతుందో చెప్పలేను. కానీ ఆ ఫైల్లో ఇప్పుడు ఆమె గురించి ఇంకొకరు రాసింది మాత్రమే కాదు, ఆమె రాసింది కూడా ఉంది.

నన్ను కొందరు అడిగారు, "దేశం అన్నం పెట్టింది, ఆర్మీ మీద కేసు వేస్తారా?" అని. అప్పీలు సైన్యం తన నిబంధనల్లో తనే పెట్టిన దారి. తాసీల్దారు కాగితం తప్పయితే ఆర్డీవో దగ్గరికి వెళ్తాం, ప్రభుత్వం మీద యుద్ధం చేసినట్టా? యూనిఫాం మీద గౌరవం ఉన్నవాళ్లే అందులో రాసిన తప్పు దిద్దమని అడుగుతారు.

ఇంకో ప్రశ్న న్యాయమైనదే. మనసు కుదురులేని మనిషి చేతికి తుపాకీ ఎలా ఇస్తారు, పంపించక ఏం చేస్తారు? నిజమే. అతని క్షేమం కోసం, పక్కవాడి క్షేమం కోసం పంపించాల్సిన సందర్భాలుంటాయి. దాన్ని నేను తప్పు పట్టను. మామూలు ప్రభుత్వ ఉద్యోగికి సర్వీసులో వైకల్యం వస్తే తీసేయకూడదని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెప్తుంది. ఆ రక్షణ నుంచి సైన్యంలో పోరాట విధుల వాళ్లని మినహాయిస్తూ 2021 ఆగస్టు 18న కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. సరే, ఉద్యోగంలో ఉంచలేరు. ఉంచలేనప్పుడు పంపించే కాగితమైనా నిజాయితీగా ఉండాలి. పనికిరావు అనేదీ, మా వల్ల కాదు అనేదీ ఒకే పేజీలో, కారణాలు లేకుండా రాస్తే ఎలా ఒప్పుకుంటాం?

కొన్ని మంచి మార్పులు వచ్చాయి, కాదనను. పదేళ్లు నిండకుండా వైద్య కారణాలతో బయటికి వచ్చేవాళ్లకి కూడా ఇన్వాలిడ్ పెన్షన్ ఇవ్వాలని 2020 జూలైలో నిర్ణయించారు. కానీ 2019 జనవరి 4న గానీ, ఆ తర్వాత గానీ సర్వీసులో ఉన్నవాళ్లకే. మా మరదలి భర్త లాంటివాళ్లు గీతకి అవతలే ఉండిపోయారు. సైనికులకీ వాళ్ల కుటుంబాలకీ టెలి మానస్ ప్రత్యేక విభాగాన్ని 2023 డిసెంబరులో పుణెలో ప్రారంభించారు. మామూలు జనానికి టెలి మానస్ నంబరు 14416, డబ్బులేం పడవు, తెలుగులోనూ మాట్లాడతారు. ఇంట్లో అతనికే కాదు, అతన్ని చూసుకుని చూసుకుని అలసిపోయిన మీకోసం కూడా చేయండి.

ఇంకా జరగాల్సినవి ఉన్నాయి. బోర్డు నిర్ణయం ఇంటికి పంపేటప్పుడు ఆ ఇంటి భాషలో ఒక పేజీ ఉండాలి. కారణం ఇది, అప్పీలు గడువు ఇది, ఎక్కడ చేయాలి ఇది. ఇంటి సమస్యలని రాసేముందు ఇంటివాళ్లని అడగాలి. ఒకే రకం కేసుల్లో కోర్టులు పదేపదే చెప్పాక కూడా ప్రతి జవానునీ మళ్లీ పై కోర్టుకి లాగడం ఆపాలి. ఇలాంటి వ్యాజ్యాలు తగ్గించమని రక్షణ మంత్రి వేసిన నిపుణుల సంఘమే 2015లో సిఫారసు చేసింది. మానసిక జబ్బున్న మనిషికి వాయిదాల మీద వాయిదాలు మందు కాదు కదా.

ఇవన్నీ ఎప్పటికి జరుగుతాయో. ఈలోపు మనం చేయగలిగేవి చిన్నవి. అతని చేత మందులు మాన్పించకండి, కేసుకి దెబ్బ అని ఎవరైనా చెప్పినా సరే. వైద్యం కాగితాలు కేసుకి బలమే గానీ దెబ్బ కాదు. అతని సంతకం కావాల్సినవి అతను నెమ్మదిగా ఉన్న రోజున, చదివి వినిపించి పెట్టించండి. ఇది అతని కేసు, అతనికి తెలియకుండా నడపకూడదు. పిల్లలకి నాన్న ఉద్యోగం ఎందుకు మానేశాడని అడిగితే, డ్యూటీలో జబ్బు చేసిందని చెప్పండి. ఇరుగుపొరుగుకీ అదే చెప్పండి.

మీ ఊళ్లో, మీ బంధువుల్లో ఇలా తిరిగొచ్చినవాళ్లుంటే, ఆ ఇంటి ఆడవాళ్లకి ఈ సంగతి చెప్పండి. సలహా ఇచ్చినట్టు కాకుండా, మధ్యాహ్నం పూట వెళ్లి పక్కన కూర్చుని. పెన్షన్ తిరస్కరించిన ఉత్తరం తీయించి తేదీ చూడండి. ఆరు నెలలు దాటకపోతే ఆ వారంలోనే ఫస్ట్ అప్పీల్. దాటిపోతే ముందు రికార్డ్ ఆఫీసుకి దరఖాస్తు, పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో. ఇంగ్లీషు రాదని వాళ్లు అంటే, రాసిపెట్టే పిల్ల మీ ఇంట్లోనే ఎవరో ఒకరు ఉంటారు.